పక్క పోర్షన్ అత్త పిడికిలి

నరసరావుపేటలో మా పక్క పోర్షన్ అత్త, ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి, కళ్ళు మూసుకుని, చర్చికని పెట్టిన డబ్బాలో వేసేది. ఇంట్లో ఎంత ఇబ్బందున్నా ఆ పిడికిలి చిన్నదయ్యేది కాదు.

మా ఆయనకి పత్తి మిల్లులో పని పోయాక, ఖర్చు తగ్గుతుందని నేను రాత్రిపూట తినడం మానేశాను. ఓ రోజు పాలు చాలక చంటిది ఏడుస్తుంటే అత్త తలుపు తోసుకుని వచ్చింది.

"ఏందమ్మాయ్, నువ్వు పస్తుంటే బిడ్డకి పాలు యాడనుంచి వస్తయ్?" అంటూ డబ్బా మొత్తం నా చాటలో గుమ్మరించింది.

"అది దేవుడిది కదత్తా?"

"ఆయనకి ఈ వారం ఆకలి లేదులే. ఎసరు పెట్టు."

ఆ అత్త ఊరు మారిపోయింది. మా ఆయనకి ఇంకా పని దొరకలేదు. ఇప్పుడు నేనూ ఎసట్లో పోసే ముందు పిడికెడు వెనక్కి తీస్తున్నాను. దేవుడికి కాదు, రేపటికి. నా పిడికిలి రోజురోజుకీ పెద్దదవుతోంది.