రాస్కో బిడ్డా, నాలుగు బిస్కెట్లు

ఖాలా పోయిందన్న కబురు అందేసరికి నేను తెల్లకోటు వేసుకుని, ఫోను లాకరులో పెట్టబోతున్నాను. శంషాబాద్‌లో విమానాలకు భోజనాలు పంపే ఒక వంటశాలలో నా ఉద్యోగం. ట్రేలో అన్నం, కూర, మిఠాయి ఎన్నేసి గ్రాములు ఉండాలో తూచి చూసి, తేడా ఉంటే వెనక్కి పంపుతాను. ఫోను చేసింది ఖాలా కూతురు. మైలార్‌దేవ్‌పల్లిలో ఉంటుంది. రెండు రోజులు ఉండి వస్తానని ఖాలా ఆమె దగ్గరికి వెళ్ళింది.

"అమ్మీ పోయింది అక్కా. పొద్దుగాల నమాజుకు లేచి, కాళ్ళుచేతులు కడుక్కొని, గట్లనే గోడకు ఒరిగింది."

సెలవు అడగాలని కూడా తోచలేదు. లోపలికి వెళ్ళి ఒక ట్రే తూచాను, ఇంకోటి తూచాను. మూడోదాని దగ్గర అంకె కనబడటం మానేసింది. అప్పుడు ఇంటికి బయలుదేరాను.

ఖాలా అంటే పిన్ని. నాకు చుట్టం కాదు. తెనాలి వైపు నుంచి వచ్చి ఆరేళ్ళుగా మేము శంషాబాద్‌లో కిరాయికి ఉంటున్న, విమానాలు నెత్తి మీదుగా వెళ్ళే ఇల్లు ఆమెది. కింద తను ఒక్కతే, పైన నేనూ మా ఆయనా. మొదట్లో మా అలవాటు కొద్దీ మీరు, మీరు అంటుంటే వారం రోజులు ఓర్చుకుంది. ఆ తర్వాత ఒకరోజు, "నువ్వు మీరంటుంటే ఎవరో ఆఫీసరమ్మ వచ్చిందని ఎనకకు చూస్తున్న బిడ్డా" అంది. అప్పటి నుంచి నువ్వే.

దిగిన కొత్తలో కింద నుంచి ఒక చప్పుడు వచ్చేది. పగలు పదకొండు గంటల వేళ. టప్ టప్ టప్, మధ్యలో ఎక్కడో టిక్. బట్టలుతుకుతోందనుకున్నాను. కిందికి వెళ్ళి అడిగితే, రొట్టె కొడుతున్న అంది. మా వైపు రొట్టెను ఎవరూ కొట్టరు. అదేం తప్పు చేసిందని కొడుతున్నావు ఖాలా అన్నాను. ఆమె నవ్వి, బోర్లించిన ఇత్తడి పళ్ళెం మీద జొన్నపిండి ముద్ద పెట్టి చూపించింది. అరచేత్తో తడుతూ, తిప్పుతూ ఉంటే అది చుట్టూ సమంగా సాగి పెద్దదైంది. టిక్ మనేది ఆమె వెండి ఉంగరం. పళ్ళెం అంచుకు తగిలినప్పుడల్లా మోగేది.

బరువు తగ్గాలన్న పట్టుదల నాకు అప్పుడే మొదలైంది. ఫోనులో ఒక యాప్, వంటింట్లో చిన్న డిజిటల్ తరాజు. నోట్లో పెట్టుకునే ప్రతిదీ తూచి, కేలరీలు రాసేదాన్ని. రోజుకి ఇన్ని అని ఒక అంకె. దానికి లోపల ఉంటే మంచిదాన్ని, దాటితే చెడ్డదాన్ని. అంకె తెలియడానికి సులువైన దారి ప్యాకెట్లు, వెనక అచ్చు వేసి ఉంటుంది కదా. అలా నా కంచంలో పప్పూ కూరా తగ్గిపోయి, డైట్ బిస్కెట్లు, వేడినీళ్ళు పోస్తే తయారయ్యే సూపు, తియ్యటి ఓట్సు చేరాయి. బరువు తగ్గాను, అందులో అబద్ధం లేదు. దువ్వితే జుట్టు కుచ్చులుగా ఊడిరావడం, మెట్లెక్కుతుంటే కళ్ళు తిరగడం కూడా అబద్ధం కాదు. వాటిని రాసుకోవడానికి యాప్‌లో చోటు లేదు.

ఒక సాయంత్రం ఆ మెట్ల మీదే కూలబడ్డాను. ఖాలా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, జొన్నరొట్టె, గోంగూర వేసిన పప్పు పెట్టింది. గోంగూరను ఆమె అంబాడా అనేది. నేనేం చేశానో చెబితే మీరు నవ్వుతారు. గోడ పట్టుకుంటూ పైకి వెళ్ళి తరాజు తెచ్చాను. రొట్టెను దాని మీద పెట్టి, పిండి ఎంత పట్టింది అని అడిగాను. అందాజ అంది, చేతికి తోచినంత అని. పప్పులో నూనె? అదీ అందాజే. గ్రాములూ కప్పులూ చెంచాలూ అన్నీ ఉన్న ఆ యాప్‌లో అందాజ అనే కొలత లేదు. ఖాలా నా భుజం మీదుగా ఫోనులోకి తొంగి చూసింది.

"ఇది ఎంత తిన్నవని అడుగుతది. తిన్నంక కడుపుల ఎట్లున్నదని అడగదా?"

అడగదు అన్నాను. ఆమె రొట్టెను తరాజు మీద నుంచి తీసి నా కంచంలో వేసి, చల్లారిపోతోంది అంది.

తక్కువ తినాలన్న మాటను ఖాలా ఎన్నడూ కాదనలేదు. ఆమెదీ ఒక లెక్కే. పూటకి రెండు రొట్టెలు, మూడోది ఉండేది కాదు. ఆమె బలహీనతంతా చాయ్ దగ్గర. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చక్కెర వేసిన చాయ్, బేకరీ బిస్కెట్ల డబ్బా పక్కనే. తన తప్పు తనకు బాగా తెలుసు. "రెండు రొట్టెలు తింటే మాపటి దాంక ఆకలి యాదికి రాదు. బిస్కెట్లు తింటే మళ్ళ బిస్కెట్లే యాదికొస్తయ్" అని తన మీద తనే నవ్వుకునేది.

పోయినేడు ఆమె మోకాళ్ళు మొరాయించాయి. దవాఖానలో డాక్టరు ఆపరేషన్‌కు ముందు బరువు తగ్గి రమ్మన్నాడు. నా తప్పు ఇక్కడ మొదలైంది కాబట్టి దాచకుండా రాస్తున్నాను. ఆ మాట వినగానే నాకు హుషారు వచ్చింది. ఇది నా విద్య కదా. ఆమె పేరుతో నా ఫోనులో ఇంకో ఖాతా తెరిచాను. రొట్టెలు మానెయ్యమన్నాను. జొన్నరొట్టె చెడ్డదని కాదు, ఒక్కోటి ఒక్కో సైజులో ఉంటుంది, దాని అంకె నాకు దొరకదు, అందుకని. చాయ్‌తో బేకరీ బిస్కెట్లు వద్దని చెప్పి, అంకె ఉన్న బిస్కెట్లు తెచ్చిచ్చాను. సూపులు, ఓట్సు, అన్నీ ఒక పెద్ద సంచిలో. ఖాలా సంచిలోకి చూసింది, నా మొహంలోకి చూసింది. సరే తియ్యి, నువ్వు చెప్తే కాదంటనా అంది.

ఆమెకు ఉర్దూ చదవడం వచ్చు గానీ ఫోనులో రాయడం రాదు. అందుకని రోజూ పదకొండు గంటలకు, తినబోయేదేదో గొంతుతో రికార్డు చేసి పంపేది. టీ విరామంలో లాకర్ల గదిలో నిలబడి వినేదాన్ని. "బిడ్డా, ఒక కప్పు ఓట్సు. నాలుగు బిస్కెట్లు. రాస్కో." రికార్డింగు ఆపడం ఆమెకు ఎన్నిసార్లు నేర్పినా రాలేదు. మాట అయిపోయాక కూడా ఇంకో నిమిషం, రెండు నిమిషాలు నడుస్తూనే ఉండేది. నాకున్నది పది నిమిషాలు. రాస్కో అనగానే ఆపేసి, అంకెలు వేసేసి, పనిలోకి వెళ్ళిపోయేదాన్ని.

సెలవు రోజున పైకి వచ్చి నా ముందే ఓట్సు తినేది, మందు మింగుతున్న మొహంతో. సాయంత్రాలు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి ఒక్కోరోజు మెట్ల దగ్గర గుడ్డలో చుట్టిన రొట్టె ఉండేది. పాల్మాకుల నుంచి మరదలు పంపింది, నాకు వద్దన్నవ్ కదా, నువ్వు తిను అనేది. నేను దాన్ని తూచి మరీ తిన్నాను. ఆ నెలల్లోనే నాకు కళ్ళు తిరగడం తగ్గింది. విటమిన్ బిళ్ళల గొప్పతనం అనుకున్నాను.

అయిదు నెలల్లో ఖాలా ఎనిమిది కిలోలు తగ్గింది. వంటశాలలో కనబడినవాళ్ళందరికీ చెప్పుకున్నాను. కాగితం మీద గీత కిందికి దిగినట్టు, అంకె వేశాను, మనిషి తగ్గింది అన్నాను. నీ ఫోను బంగారం బిడ్డా అని ఖాలా కూడా మెచ్చుకుంది.

కబురు వచ్చిన రోజే మైలార్‌దేవ్‌పల్లి నుంచి ఆమెను ఇంటికి తెచ్చారు. ఆడవాళ్ళ గదిలో తలుపు పక్కన నిలబడ్డాను. తెల్లగుడ్డలో మొహం చాలా చిన్నదిగా ఉంది. లోపల కూర్చున్న ఒక ముసలామె పక్కామెతో అంది.

"ఎంత సన్నగయింది పాపం. ఏమన్న తిన్నదో లేదో."

ఆ మాట నా కోసం అన్నది కాదు, నేనెవరో కూడా ఆమెకు తెలియదు. కానీ అది నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నేను ఊరంతా చెప్పుకున్న ఎనిమిది కిలోలు ఆ గదిలో వేరేగా కనబడ్డాయి. గుండె ఎప్పటి నుంచో బలహీనంగా ఉందని, తిండికి దీనికి సంబంధం లేదని డాక్టరు చెప్పాడట. కూతురు ఆ మాట నాకు రెండుసార్లు చెప్పింది. తల ఊపాను. చావు గురించి కాదు నా భయం. ఆఖరి అయిదు నెలలు ఆ మనిషిని ఆకలితో ఉంచానా అన్నది నా భయం. జీవితమంతా నలుగురికి పెట్టి తిన్న మనిషి చివరి రోజుల్లో వేడినీళ్ళలో పొడి కలుపుకుని తాగింది, అదీ నా మీద ప్రేమతో. ఈ తలంపు నన్ను వదల్లేదు.

కింద ఇంటికి తాళం పడింది. నా మొదటి సెలవు రోజున, పదకొండు గంటలకు, చప్పుడు వినిపించింది. టప్ టప్ టప్. టిక్. కిందికి వెళ్ళి తలుపుకు చెవి ఆనించాను. తాళం చల్లగా తగిలింది. నీళ్ళ మోటారు అయ్యుంటుంది అన్నాడు మా ఆయన. మోటారు ఉంగరం పెట్టుకోదు అన్నాను. తర్వాత వంటశాలలో యంత్రాల మధ్య కూడా వినిపించడం మొదలైంది. బిస్కెట్ ప్యాకెట్ చింపబోతే చెయ్యి ఆగిపోయేది. నాకు మతి పోతోందేమోనని భయం వేసింది, ఎవరికీ చెప్పలేదు.

నలభై దినాలు అయ్యాక కూతురు వచ్చి ఇల్లు సర్దుతూ నన్ను పిలిచింది. మంచం కింద నుంచి ట్రంకు లాగి మూత తీసింది. లోపల నేను నెలనెలా ఇచ్చిన ప్యాకెట్లు. బిస్కెట్లు, సూపులు, ఇచ్చినవి ఇచ్చినట్టే పేర్చి ఉన్నాయి. ఓట్సు డబ్బా ఒక్కటే సగం ఖాళీ, సెలవు రోజుల్లో నా ముందు తిన్నది.

"ఇవన్నీ నీవేనా అక్కా? ఇగ అమ్మీ ఏం తింటుండె? ఫోన్ల అడిగితే, బిడ్డకు చెప్పిన, ఆమెనే అడుగు అనేది."

రొట్టెలు నేను మాన్పించాను. ఇవి తను ముట్టలేదు. అంటే ఆమె ఏమీ తినలేదా? కూతురు నా వైపే చూస్తోంది, వాళ్ళమ్మ తిండి లెక్క నా దగ్గర ఉందని. యాప్ తెరిచి చూపించాను. అయిదు నెలలు, ఒక్క రోజూ తప్పకుండా, ఓట్సు, బిస్కెట్లు, సూపు. గ్రాములతో సహా. ఆ ట్రంకు పక్కన కూర్చుని చూస్తే అందులో ఒక్క ముక్క నిజం లేదు.

చూపించడానికి ఇంకేమీ లేక, ఆమె గొంతు వినిపించాను. వాకిట్లో మెట్టు మీద కూర్చున్నాం ఇద్దరం. ఒక కప్పు ఓట్సు, నాలుగు బిస్కెట్లు, రాస్కో. అలవాటుగా నా బొటనవేలు ఆపబోయింది. కూతురు నా చెయ్యి పట్టుకుంది.

"జర ఉండనియ్యి అక్కా."

మాట లేని ఖాళీని కూడా వినాలనుకుంది, అంతే. కాసేపు ఏమీ లేదు. తర్వాత వచ్చింది. టప్ టప్ టప్. టిక్.

కూతురు తల ఎత్తింది. "అమ్మీ రొట్టె కొడుతున్నది" అంది, లోపల వంటింట్లో ఉన్నట్టుగా.

ఇంకోటి పెట్టాను. ఇంకోటి. నెలల నాటివి, మొన్నటివి. అన్నిట్లోనూ పైన నాకు చెప్పిన ఓట్సు, కింద రొట్టె చప్పుడు. రోజూ నాకు అబద్ధం చెబుతూ రోజూ కడుపునిండా తింది ఖాలా. కాదంటే నేను చిన్నబుచ్చుకుంటానని చెప్పలేదు. బేకరీ డబ్బా ఇంట్లోకి రానివ్వలేదట, చాయ్‌లో చక్కెర బంద్ చేసిందట, ఆఖరి రెండు రోజుల్లో తనతో అందని కూతురు అప్పుడు చెప్పింది. ఎనిమిది కిలోలు తగ్గింది అందుకే. మరి పాల్మాకుల నుంచి మీ అత్త పంపే రొట్టెలో అని అడిగాను.

"పాల్మాకులల మాకు ఇప్పుడెవరున్నరక్కా?"

ఇక మిగిలిన రికార్డింగు ఒక్కటే, మైలార్‌దేవ్‌పల్లి వెళ్ళబోయే రోజు ఖాలా పంపింది. దాన్ని చివరిదాకా విననిచ్చాము. రాస్కో అయిపోయింది. చప్పుడు మొదలైంది. పెనం మీద రొట్టె పడిన సుయ్ మన్న మోత. ఎవరూ వినడం లేదనుకుని ఖాలా తన భాషలో నెమ్మదిగా లెక్కపెట్టుకుంటోంది. ఏక్ మేరీ. దూస్రీ మేరీ. కాస్త ఆగి, యే బచ్చీ కీ. ఒకటి నాది, రెండోదీ నాది, ఇది పిల్లది. నేను తూచి తిన్న రొట్టె అది.

అప్పుడే విమానం మోత పెద్దగా వచ్చింది. మేమిద్దరం తలలెత్తి చూశాం. పైన ఆకాశంలో ఏమీ లేదు. ఆ విమానం ఫోనులోది, ఆ రోజుది. మోత దూరమయ్యేదాకా కూర్చున్నాం. తర్వాత ఉంగరం మళ్ళీ టిక్ మంది.