చెంపకు తెలిసిన చోటు

అప్పటికి లక్షెట్టిపేట దగ్గర గోదావరిపై వంతెన లేదు. బస్సు మమ్మల్ని రేవులో దింపింది. అవతలి ఒడ్డున మేమందుకోవాల్సిన ఇంకో బస్సు హారన్ కొడుతోంది. మేమెక్కాల్సిన పడవను ఎండలో బోర్లించి, ఒక ముసలామె నీళ్లు దిగకుండా తేనెమైనం రుద్దుతోంది. కొత్త ముద్ద తీసినప్పుడల్లా చిటికెడు తుంచి నమిలేది. పళ్లకు అంటుకోకపోతే కల్తీ లేనట్టట.

రుద్దడం అయ్యాక, చెక్కకు చెంప ఆనించి పడవ పొడవునా జరిగింది.

"చేత్తో చూస్తే చాలదా అవ్వా?" అన్నాను.

"తెడ్డేసి తెడ్డేసి చేతులు కాయలు గాసినయ్ బిడ్డా, గీటికేం ఎరుక? చెంపకే ఎరుకైతది."

ఒకచోట ఆగింది. నేను వేళ్లతో తడిమాను. నున్నగానే ఉంది.

"చెంప పెట్టు."

పెట్టాను. బొటనవేలంత మేర గరుకు!

ఆమె మళ్లీ మైనం అందుకుంది. అవతలి బస్సు నా కళ్లముందే వెళ్లిపోయింది. చెంపకంటిన మైనం నేను తుడుచుకోలేదు.