గాడుల్లో మిగిలిన మసి

మా ఆఫీసులో చెక్క కోసే లేజర్ మిషన్ మూత తీసినప్పుడల్లా కాలిన ప్లైవుడ్ వాసన గుప్పుమంటుంది. పక్కవాళ్లు కిటికీ తెరుస్తారు. నాకు మాత్రం హైదరాబాద్ పాతబస్తీ చాంద్రాయణగుట్టలో ఖాదర్ భాయ్ కార్ఖానా గుర్తొస్తుంది.

ఖాదర్ భాయ్‌ది ఆ పక్కనే ఉన్న బార్కస్. నీళ్లలో తేలే చిన్న చిన్న నమూనా పడవలు చేసేవారు. మా నాన్న నడిపే బస్సులో రోజూ వస్తూ, పాలిటెక్నిక్ ముగించి ఖాళీగా ఉన్న నన్ను తన దగ్గర పనికి పంపమని నాన్నను అడిగారు. ప్లైవుడ్ ముక్కలను లేజర్ మీద కోయించి తెచ్చేవారు. వాటిని అతికించడానికి సిద్ధం చేయడం నా పని. మొదటి రోజే లేజర్‌కు కాలిన ఒక ముక్క అంచు మీద వేలు రాసి, నల్లబడిన ఆ వేలిని నాకు చూపించారు.

“ఈ నలుపు ఉన్నంతసేపు జిగురు చెక్కను పట్టదు బేటా, మసిని పట్టుకుంటది. మసి ఊడితే పడవ ఊడ్తది.”

కోసినా ప్లైవుడ్ పలకకు ఇంకా అంటుకుని ఉండే ముక్కను చేత్తో విరవనిచ్చేవారు కాదు. ముందు పెన్సిల్‌తో నంబరు వేసి, దాన్ని పట్టి ఉంచిన సన్నటి కొసలను కత్తితో కోయాలి. తర్వాత సాండ్ పేపర్‌తో అంచు రుద్దాలి. మసి పోవాలి, కొలత పోకూడదు. నేను ఎక్కువ రుద్దితే, “ఆకలైతుందా ఏంది, చెక్కను తింటున్నవ్?” అని నవ్వేవారు. అప్పటికే ఆయన చేతులు కొద్దిగా వణికేవి. పని మధ్యలో వాటిని తిప్పి చూసుకుంటూ, “ఇంకెన్నాళ్లు మాట వింటయో” అనుకునేవారు.

ఒక వేసవిలో బార్కస్ పెద్దాయన ఒకరు మనవల కోసం తెరచాప పడవ చేయమన్నారు. ముక్కలు రుద్దిన రోజు నా వేళ్లు మండుతున్నాయి. బయటి అంచులు శుభ్రం చేశాను. పడవకు అడ్డంగా నిలిచే పక్కటెముకలను అడుగు దూలం మీద దించడానికి వాటిలో కోసిన గాడులు మాత్రం ఇరుకుగా ఉంటాయి. వాటిలో కొన్నింటిని వదిలేశాను.

“గాడులు రుద్దినవా?” అని అడిగారు ఖాదర్ భాయ్.

“రుద్దిన భాయ్.”

ఆయన ముక్కలు తిప్పి చూడలేదు. నా మాట చాలనుకుని, తన చేత్తోనే అతికించారు.

వారం తిరగకముందే పెద్దాయన పడవను వెనక్కి తెచ్చారు. నీళ్లలో వదలగానే అడుగు విచ్చుకుందట. “నీ చెయ్యి పోయింది ఖాదర్. ఇంక ఇడిసిపెట్టు” అన్నారు. ఖాదర్ భాయ్ ఆయన్ను సాగనంపడానికి బయటికి వెళ్లారు. ఆ కాసేపట్లో నేను ఊడిన పక్కటెముకలు అందుకున్నాను. గాడుల్లో మసి అలాగే ఉంది. గబగబా రుద్దేశాను. మొదట చేయాల్సిన పనిని, నా తప్పు కనబడకుండా ఉండటానికి అప్పుడు చేశాను.

ఆయన తిరిగి వచ్చి ఒక్కొక్క ముక్కనూ వెలుతురుకు పెట్టి చూశారు.

“మసి లేదు. అయితే నా చెయ్యే తప్పింది బేటా.”

నేను వేళ్లకంటిన మసిని ప్యాంటుకు తుడుచుకున్నాను. ఆ రోజు నుంచి ఆయన జిగురు సీసా ముట్టలేదు. నేను అతికిస్తుంటే, చేతులు ఒళ్లో దాచుకుని స్టూలు మీద కూర్చునేవారు. ఎన్నిసార్లో చెప్పబోయి ఆగిపోయాను.

నాలుగు నెలలకు ఆయనకు పక్షవాతం వచ్చింది. చూడటానికి ఇంటికి వెళ్లి, మంచం పక్కన కూర్చుని అంతా చెప్పాను. ఆయన నా వైపు తల తిప్పారు.

“ఏ గాడులు?”

“నడిమి నాలుగు.”

కదలని కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని గుండె మీదికి తెచ్చుకున్నారు.

“ఇన్ని రోజులు వీటినే తిట్టుకున్న బేటా.”

కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది. నెల తిరగకుండానే పోయారు. క్షమించారో లేదో అడిగే ధైర్యం నాకు రాలేదు.

ఇప్పుడు నా కింద నలుగురు పనిచేస్తున్నారు. నా వల్ల పొరపాటు జరిగితే ఆ పూటే అందరి ముందూ చెబుతాను. మంచి అలవాటని వాళ్లు మెచ్చుకుంటారు. నాలుగు నెలలు తన చేతులను తానే నిందించుకున్న మనిషి సంగతి మాత్రం వాళ్లకు ఇంతవరకు చెప్పలేదు.