బ్రేకు మీద లేని కాలు

2023లో వానలు తగ్గుతున్న రోజులు. రాయగడలో కాశీపూర్ వెళ్ళే దారి మీద నా మెకానిక్ షాపు. ఒక ఉదయం హేమలత ఒక బైకు తెచ్చింది. వెంట ఆమె సూపర్‌వైజర్ కూడా వచ్చాడు. క్షయ పరీక్ష కోసం కొండ ఊళ్ళ నుంచి కఫం సీసాలు తేవడం ఆమె ఉద్యోగం. బండి ఆఫీసుది. వెనక డిస్క్ బ్రేకుకి ఇంకెక్కడో కొత్త ప్యాడ్లు వేయించిన దగ్గర్నుంచి చక్రం పట్టేస్తోంది, కీచుమంటోంది.

"ఆడపిల్లకి బండిస్తే ఇంతే మేస్త్రీ," అన్నాడు సూపర్‌వైజర్. "కాలు బ్రేకు మీదే ఏసుకుని తోల్తాది. ఈ రూటు ఇంకొకడికి ఇచ్చేసి, ఈవిణ్ణి ఆఫీసులో కూకోబెడతాను."

"నా కాలు బ్రేకు మీద నేదు," అంది హేమలత. "రూటు నాను ఒగ్గను."

చక్రం విప్పాను. క్యాలిపర్‌లో, అంటే ప్యాడ్లని డిస్కుకి అదిమే భాగంలో, పిస్టన్ శుభ్రంగా కదులుతోంది. క్యాలిపర్ జారే పిన్నులకు గ్రీజు ఉంది. ప్యాడ్లూ సరైనవే. బిగించి తిప్పితే చక్రం హాయిగా తిరిగింది.

సూపర్‌వైజర్ నవ్వాడు. "సూసేవా? బండిలో ఏటీ నేదు."

"అయితే మీరే ఎనకాల కూకోండి సార్. దారి సూడకండి, నా కాలే సూడండి."

నా ముందు కాదనలేక ఎక్కాడు. ఆమె కుడికాలు ముందున్న క్రాష్ గార్డ్ మీద పెట్టి, ముందు బ్రేకే వాడుతూ, కొండ మొదలు దాకా వెళ్ళి వచ్చింది. వాళ్ళు కనబడక ముందే కీచుశబ్దం వినబడింది. వెనక డిస్కు మీద నాలుగు నీటి చుక్కలు చిలకరిస్తే సుయ్యిమన్నాయి.

"కాలైతే ఎయ్యనేదు," అన్నాడాయన, ఆమె వైపు చూడకుండా.

బ్రేకు ఆయిల్ బయటికి వదిలే బ్లీడ్ నిపుల్‌ని కాస్త వదులు చేశాను. ఆయిల్ చివ్వున చిమ్మింది, చక్రం వదిలేసింది. ఒత్తిడి లోపలే చిక్కుకుందన్నమాట. పెడల్ దగ్గర చూస్తే ఫ్రీ ప్లే లేదు. పెడల్ తొక్కినప్పుడు బ్రేకు పట్టే ముందు ఉండాల్సిన కాస్త ఖాళీ అది. అది లేకపోతే ఆయిల్ వెనక్కి పోయే రంధ్రం తెరుచుకోదు. వేడెక్కి ఉబ్బిన ఆయిల్ ప్యాడ్లని అదుముతూనే ఉంటుంది. చల్లారితే మళ్ళీ అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

మా ఘాట్ రోడ్లలో ఇది మామూలు. ముట్టుకుంటే బ్రేకు పట్టాలని, ప్యాడ్లు మార్చగానే పెడల్ బిగింపిస్తారు.

"ఎవరు బిగించమన్నారు?" అని అడిగాను.

సూపర్‌వైజర్ గొంతు తగ్గింది. "ఘాట్ బండి కదాని నానే గట్టిగా బిగించమన్నాను."

హేమలత పకాలున నవ్వింది. "అయితే మీ నోరే సార్, నా కాలు కాదు."

ఖాళీ సరిచేసి, లైన్లో గాలి తీసి, ఆయిల్ నింపి ఇచ్చాను.

"సర్లే అమ్మి, ఈసారికి రూటు నీ దగ్గరే ఉంచుకో," అన్నాడాయన.

"ఈసారికేటి సార్? నా కాలు గురించి ఆఫీసులో అందరి ముందూ అన్నారు. తప్పు నాది కాదనీ అందరి ముందే సెప్పండి."

తాళం చెవి పిడికిట్లో పెట్టుకుని నిలబడిపోయింది. ఆయన ఫోను తీసి, స్పీకర్ పెట్టి, ఆఫీసుకి చెప్పేదాకా బండెక్కలేదు.

చల్లారిన బండిని చూసి, నడిపిన మనిషి మీద తీర్పు చెప్పకూడదని ఆ రోజు తెలిసింది. అప్పట్నుంచి ఎంత పెద్దమనిషి అడిగినా పెడల్‌లో ఆ కాస్త ఖాళీ తీసెయ్యను. గట్టిగా బిగించాల్సిందేనని పట్టుబట్టేవాళ్ళకి, ఎదురుగా ఇంకో షాపు ఉంది.