పెద్దమ్మ పట్టిన తప్పు

ఆ రోజులంటే మరీ పాతవేమీ కావు, ఇంటి నుంచే ఉద్యోగం చేసుకోమన్న రోజులు. నేను ఒక బ్లాక్‌చైన్ కంపెనీలో టెస్టర్‌గా చేరి, పినపాకలో మా పెద్దమ్మ ఇంట్లో మకాం పెట్టాను. ప్రొబేషన్ చివరి వారం. సోమవారం డెమో నచ్చితే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికే (ఇంట్లోనే ఉన్నాను కాబట్టి అదేమంత దూరం కాదు). నాకిచ్చింది స్టేకింగ్ ప్రోగ్రాం. కొన్ని నాణేలు పూచీగా పెట్టినవాళ్లే అందులో లెక్కలు సరిచూడాలి; తప్పుగా చూస్తే పూచీలో సగం కోత. ల్యాప్‌టాప్‌లో ఉత్తుత్తి నాణేలు, ఉత్తుత్తి మనుషులు నలుగురిని సృష్టించి పరీక్షించాను. అన్నీ పాసయ్యాయి. నన్ను మించినవాడు లేడనుకున్నాను.

శ్రీరామనవమి దగ్గరపడింది. భద్రాచలం కల్యాణానికి పంపే తలంబ్రాల కోసం పెద్దమ్మ, మరో ముగ్గురు ఆడవాళ్లు వరండాలో కూర్చుని వడ్లు గోటితో ఒలుస్తున్నారు. గింజ విరగకూడదు. "దినమంతా ఆ డబ్బా ముంగట కూసొని ఏం జేస్తవ్ బిడ్డా?" అంది పెద్దమ్మ. గొప్పలు చెప్పుకోవడానికి ఇంతకన్నా మంచి సమయమేముంది! తలా గుప్పెడు బియ్యం ఒక్కో గిన్నెలో పెట్టించాను. "ఇది మీ పూచీ. ఎప్పుడంటే అప్పుడు తీస్కోవచ్చు. ఆఖర్న నేను చూస్త. ఎవరి చేటల నూక కనపడితే వాళ్ల గిన్నెల సగం కోత" అన్నాను. "రాముడి బియ్యానికే జరిమానా ఏంది రా!" అని పక్కింటి అత్త కసిరింది గానీ, అందరికంటే ముందు గుప్పెడు పెట్టింది ఆవిడే.

గంట తర్వాత తనిఖీకి దిగాను. పెద్దమ్మ చేటలో మూడు నూకలు! గర్వంగా ఆమె గిన్నె అందుకుంటే ఖాళీ. "నీ పూచీ ఏది పెద్దమ్మా?" అన్నాను. "గింజ ఇరిగిందని నాకెరుకే గద! నువ్వొచ్చి చూడకముందే తీస్కున్న. ఎప్పుడంటే అప్పుడు తీస్కోమంటివి. ఇగ దేంట్ల కోస్తవో కొయ్యి!" అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను, సగంలో ఆగిపోయాను. పరుగెత్తి ల్యాప్‌టాప్ తెరిచి చూస్తే, మా ప్రోగ్రాంలోనూ అంతే. తప్పు చేసినవాడు తనిఖీకి ముందే పూచీ తీసుకుని హాయిగా వెళ్లిపోవచ్చు. నా పరీక్షల్లో అది బయటపడకపోవడానికి కారణం, ఆ ఉత్తుత్తి మనుషులు నలుగురూ నేనే (నన్ను నేను మోసం చేసుకోవాలని నాకెందుకు తోస్తుంది?).

సోమవారం డెమోలో ఆ తప్పు చూపించి, తనిఖీ పూర్తయ్యేదాకా పూచీ వెనక్కివ్వకూడదని చెప్పాను. "శభాష్! ఇది ఎవరికి తట్టింది?" అన్నాడు మా లీడ్. "నాకే అన్నా" అన్నాను తడుముకోకుండా. ఉద్యోగం ఖాయమైంది. మిఠాయి చేతిలో పెడితే పెద్దమ్మ, "నేనే పట్టిన్నని మీ సార్లకు చెప్పినవా?" అంది. "అవ్ పెద్దమ్మా, చెప్పిన." సాయంత్రానికల్లా ఆ సంగతి వీధంతా తెలిసిపోయింది. నాకు మిఠాయి మింగుడుపడలేదు.

ఇప్పుడు నా కిందే పదిమంది టెస్టర్లున్నారు. మొన్న పినపాక వెళితే పెద్దమ్మ, "మీ సార్లు మళ్ల నా గురించి ఏమన్న అడిగిన్రా?" అంది. "అడిగిన్రు పెద్దమ్మా" అన్నాను. అప్పటి కుర్రాణ్ని తలుచుకుంటే నవ్వొస్తుంది. పాపం, వాడు ఉద్యోగం పోతుందని భయపడి అబద్ధమాడాడు. నాకు ఆ భయం కూడా లేదు.