కోటపెద్ద సార్

పోశెట్టిది మా మెట్‌పల్లి. నాతోనే రియాద్‌ల స్కాఫోల్డింగ్ కడుతడు. పోయిన ఎండకాలం మా ఫోర్‌మన్ దామోదర్, వాని నోట్ల మన్నువడ, నీళ్ల కూలర్‌కు తాళమేసిండు. నీళ్లకని మాటిమాటికి దిగితే పని ఆగుతదట. పోశెట్టి ఎండకు, దూపకు సోయిదప్పి మీదికెళ్లి కిందవడ్డడు. కాలిరిగింది, ఇప్పటికీ కుంటుతడు. తాళం మాత్రం తియ్యలే.

కాలు కూడినంక ఓ శుక్కురారం తెలుగు సినిమాకు పోయినం. రాజుల కాలం కథ. మబ్బుల్ల తేలే కోట, నిప్పులు కక్కే రాతి ఏనుగులు, నడుమ వరుసగ హత్యలు. ఓ గూఢచారి వెతికి వెతికి ఆఖరికి హంతకుణ్ని పడుతడు. ఎవడంటే, బావికి తాళమేసి జనాన్ని సంపిన కోటపెద్ద.

"బొమ్మ మస్తుగుంది, కథ లేదు" అన్నరు అందరు.

"కథ మనదే కదరా" అన్నడు పోశెట్టి.

తెల్లారి నుంచి దామోదర్‌ను "కోటపెద్ద సార్" అని పిలువవట్టిండు. మేమూ అందుకున్నం. వాడు మీసం దువ్వుకున్నడు.

"ఎవరయ్యా ఆ కోటపెద్ద? మీరు చూసిన సినిమాల హీరోనా?"

"చెప్తే మజా పోతది సార్. ఇంటోళ్లతోని చూడుండ్రి" అన్నడు పోశెట్టి.

సినిమా ఫ్లాపయి తొందరగనే ఫోన్లకొచ్చింది. దామోదర్ రియాద్‌లనే మలాజ్ దిక్కున్న తన ఇంట్ల పెండ్లాం పిల్లలను పక్కన కూసోబెట్టుకొని, "సైట్లో నన్ను ఈ పేరుతోనే పిలుస్తారు" అని గొప్పగ చెప్పి మరీ చూసిండట.

తెల్లారి తలకాయ దించుకొని సైటుకొచ్చి, కూలర్ తాళం తీసిండు. పోశెట్టి గ్లాసు నిండ నీళ్లు పట్టి, కుంటుకుంట వాని దాక పోయి, అందరు ఇనేటట్టు అన్నడు:

"ముందుగాల మీరు తాగుండ్రి, కోటపెద్ద సార్."