ఏటి అంటే ఎనభై

ఇరవై ఏళ్ళకే నాకు కిరాణి ఉద్యోగం, అంటే తోట గుమస్తా పని, వచ్చింది. మలయాలో బాగన్ దాతుక్ దగ్గర కొబ్బరితోటలో మా నాన్న కాయలు ఒలిచాడు, అమ్మ ఒలిచింది, అక్క ఇంకా ఒలుస్తోంది. నేనొక్కణ్ణే బల్ల ముందు కూర్చుని రాసేవాణ్ణి. నోట్లో కాస్త ఇంగ్లీషు కూడా ఉండేసరికి కాళ్ళు నేలమీద ఆనేవి కావు.

అవి కమ్యూనిస్టుల తిరుగుబాటు అణచడానికి బ్రిటిష్ వాళ్ళు మలయాలో పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. అడవిలో ఉన్న తిరుగుబాటుదారులకు తిండి అందకూడదని మా కూలి లైన్ల ఇళ్ళ చుట్టూ ముళ్ళకంచె వేసి ఒక్కటే గేటు పెట్టారు. పొద్దున ఎంతమంది తోటకి వెళ్తే సాయంత్రం అంతమందే తిరిగి రావాలి. లెక్క తప్పితే ఆఫీసరుకి సంజాయిషీ చెప్పుకోవాలి.

లెక్కపెట్టడానికి ఒక బ్రిటిష్ సిపాయి వచ్చాడు. పందొమ్మిదేళ్ళవాడు. ఎండకి ముక్కు మీద తోలు ఊడి, ఉడికిన రొయ్యలా ఉండేవాడు. తుపాకులకి భయపడేవాడో లేదో తెలియదు గానీ కొబ్బరికాయలకి మాత్రం భయపడేవాడు. చెట్ల కింద నుంచి వెళ్ళాల్సొస్తే తలమీద రెండు చేతులూ పెట్టుకుని పరుగు తీసేవాడు. ఆడవాళ్ళకి నవ్వాగేది కాదు.

మొదటిరోజు అతను వేలు చూపిస్తూ ఒక్కొక్కరినీ లెక్కపెడుతుంటే మా అక్క ఆగి "ఏటి?" అని అడిగింది. ఏమిటి అనడానికి మా శ్రీకాకుళం వాళ్ళ మాట అది. అతనికి 'ఎయిటీ' అని వినబడింది. "నో, ట్వెల్వ్" అన్నాడు మర్యాదగా.

అక్క నా వైపు తిరిగి, "ఏటంతన్నాడ్రా?" అంది.

"నో, నో. ట్వెల్వ్."

వారం తర్వాత నేను అర్థం చెప్పాను. అతని ముఖం ఎర్రబడింది. అంతకుముందే ఎర్రగా ఉంది కనక పెద్దగా తేడా తెలియలేదు. అయినా ఆట మాత్రం ఆగలేదు. ప్రతి పొద్దునా ఆడవాళ్ళు వరసగా "ఏటి దొరా?" అనడం, అతను "నాట్ యెట్" అనడం. అలా అతని పేరే ఏటి దొర అయిపోయింది.

మధ్యాహ్నాలు నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చునేవాడు. ఇంటికి వెళ్ళాక రొట్టెల దుకాణంలో పనికి చేరతానని, వాళ్ళమ్మ చేతులు ఊరుకోవని, ఎప్పుడూ ఉన్నితో ఏదో ఒకటి అల్లుతుందని చెప్పేవాడు. అవి నాకు సుఖమైన రోజులు. నా ఇంగ్లీషుకి నవ్వని తెల్లవాడు అతనొక్కడే.

అక్కకి అప్పటికే రెండు కాన్పులు పోయాయి. మూడోసారి నెలలు నిండాయి. పనికి వెళ్ళొద్దని అమ్మ బతిమాలితే, "ఇంట్లో ఒక్కదాన్నీ కూకుంటే బయమేస్తాది. నలుగురిలో ఉంటే నయం" అని వెళ్ళిపోయేది.

ఒక రోజు తోటకి వెళ్ళింది సరిగ్గా ఎనభై మంది. "ఏటి దొరా" అని చివరి ముసలమ్మ అడిగితే అతను మొదటిసారి "యెస్, ఎయిటీ" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ సాయంత్రం అందరికన్నా చివర బావా ఇంకో ముగ్గురూ చీర జోలెలో అక్కని గేటు దగ్గరికి మోసుకొచ్చారు, వెనకే ముసలమ్మ. చెట్ల మధ్యే కాన్పయింది. రక్తం ఆగడం లేదు. అక్క పెదాలు తెల్లబడిపోయాయి. ఆస్పత్రి దూరాన తెలుక్ ఆన్సన్ పట్నంలో ఉంది. ఉన్నది సిపాయిల లారీ ఒక్కటే. దాంట్లో కూలీలని ఎక్కించాలంటే ఆఫీసరు అనుమతి కావాలి. గేటు దగ్గరి మలాయ్ కానిస్టేబుల్ "తక్ బోలే లా" అని, కుదరదని చెయ్యి ఊపాడు.

ఏటి దొర ఎవర్నీ అడగలేదు. లారీ వెనక తలుపు తానే దించి, అక్కని ఎక్కించి, డ్రైవర్ని తొందరపెట్టాడు. ముసలమ్మ చేతిలో గుడ్డమూట కదిలింది. అతను అంచు తొలగించి చూశాడు.

"ఏటి సూస్తావు?" అంది ముసలమ్మ.

"ఎయిటీ వన్" అన్నాడు మెల్లిగా.

ముసలమ్మా బిడ్డతో లారీ ఎక్కింది. లారీ వెళ్ళాక అతను రిజిస్టర్లో అదే అంకె వేశాడు. "ఎనభై అని వెయ్యి, లేకపోతే నీకే తిప్పలు" అన్నాను. "ఆ పిల్ల లోపలికి వచ్చింది కదా" అన్నాడు. మర్నాడు ఆఫీసరు చేత లారీకీ అంకెకీ కలిపి తిట్లు తిన్నాడు.

అక్క బతికింది. పిల్ల బతికింది.

నెల తిరక్కముందే అదే లారీలో గస్తీకి వెళ్తే అడవి అంచున కాల్పులు జరిగాయి. ఏడుగురు వెళ్ళారు, ఆరుగురు వచ్చారు. రానిది అతనే. నేను రిజిస్టర్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. సొంత తమ్ముడు పోయినట్టు అనిపించింది, ఇప్పటికీ అంతే.

అక్క ఏడవలేదు. పిల్లని ఒళ్ళో వేసుకుని, "ఆడి తల్లికి ఉత్తరం రాయరా" అంది. నా ఇంగ్లీషంతా కూడగట్టుకుని శౌర్యం, త్యాగం అంటూ ఒక పేజీ నింపాను. చదివి అర్థం చెప్పమంది. చెప్పాను.

"అయ్యన్నీ కొట్టీ. నీ కొడుకు నా కూతుర్ని లెక్కలో ఎట్టినాడని రాయి. ఇంకేటీ వద్దు."

అంతే రాశాను. చాలా నెలల తర్వాత ఒక పొట్లం వచ్చింది. అందులో పసిపిల్లకి ఉన్నితో అల్లిన టోపీ. మా పేరక్ రాష్ట్రం ఎండలో ఉన్ని టోపీ. మేం నవ్వుకున్నాం. అక్క దాన్ని కళ్ళకద్దుకుంది.

మెర్దెకా, అంటే మలయాకి స్వాతంత్ర్యం వచ్చిన నాటికి పిల్లకి నాలుగేళ్ళు. గేటు బార్లా తెరిచి ఉంది, లెక్కపెట్టేవాళ్ళు లేరు. కొత్త జెండా చూడ్డానికి అందరం కబుర్లాడుకుంటూ లారీ వైపు నడుస్తున్నాం. తలకి పట్టని ఆ టోపీని పిల్ల పిడికిట్లో పట్టుకుంది. గేటు దగ్గర ఏటి దొర నిలబడే చోట అక్క ఆగింది.

"ఏటి దొరా?" అంది, పాత అలవాటున.

చంకలో పిల్ల మేం నేర్పిన జవాబే చెప్పింది.

"ఎయిటీ వన్."